పేర్లమ్మ లాటిన్ మానేసింది

పేర్లమ్మ ఇప్పుడు లాటిన్ చదవదు. బోర్డుల మీద రాస్తుంది, అది ఉద్యోగం కాబట్టి. రాసేటప్పుడు ఒక్కో అక్షరం దించుతుందే తప్ప ఆ మాటను పెదవి మీదికి రానివ్వదు. తోట చూడడానికి వచ్చినవాళ్ళు ఎవరైనా "దీని అర్థం ఏమిటండీ?" అని అడిగితే, "తెలీదండీ, నేను రంగు వేసేదాన్ని" అంటుంది. అబద్ధం. ఆమెకు ఎంత బాగా తెలుసో నాకు తెలుసు. ఆ భాష నేర్పిన పెద్దమనిషి మీద నా కోపం ఇంతవరకు చల్లారలేదు. కాబట్టి ఈ కథలో ఆయనకు నా నుంచి న్యాయం జరుగుతుందని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

మాది మొక్కలను పెంచి, పేర్లు పెట్టి, జనానికి చూపించే పెద్ద తోట. నేను విత్తనాల గదిలో పని చేస్తాను. ఎండబెట్టడం, జల్లించడం, కవర్లలో పోయడం. నా గది పక్కనే రేకుల షెడ్డు. అందులో పేర్లమ్మ కూర్చుని రేకు పలకలకు ముందు ఆకుపచ్చ రంగు పూసి, అది ఆరాక సన్న కుంచెతో తెల్లటి అక్షరాలు రాస్తుంది. హాజరుపట్టీలో ఏదో పేరుందిగానీ అధికారితో సహా అందరూ పేర్లమ్మ అనే పిలుస్తారు. చెట్టు ఎంత ముసలిదైనా ఆవిడ వచ్చి మేకు కొడితేగానీ దానికి నామకరణం కానట్టే అని మా తోటమాలి ఎగతాళి.

చెట్ల పేర్లన్నీ లాటిన్‌లో ఉంటాయి. ఏళ్ళ తరబడి ఆమె వాటిని ముగ్గు దిద్దినట్టు దిద్దింది, ఒక్క ముక్క అర్థం కాకుండా. అందులో ఆమెకు బాధేమీ లేదు, మాస్టారు వచ్చేదాకా.

మాస్టారు అంటే చర్చి బడిలో లాటిన్ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఆయన. పొద్దున్నే నడకకు మా తోటకు వచ్చేవారు. తెల్లటి టోపీ, చేతికర్ర, భుజాన గుడ్డసంచి, మాటలో తేనె. ఒకరోజు షెడ్డు ముందు ఆగి, ఆరుతున్న బోర్డు చూసి అడిగారు.

"అమ్మాయ్, ఇది ఏం రాశావో తెలుసా?"

"పేరండీ."

"పేరు కాదమ్మా, కబురు. 'పొద్దున పూసి సాయంత్రానికి రాలిపోయేది' అని ఆ చెట్టు గురించి ఎవరో చెప్పిన కబురు. నువ్వు ఇన్నేళ్ళూ ఊరందరి ఉత్తరాలూ మోసి ఒక్కటీ విప్పి చూడలేదన్నమాట."

ఆ మాట పేర్లమ్మకు ఎక్కడో తగిలింది. ఆ రోజంతా కుంచె కడగడం మరిచిపోయి, గట్టిపడిపోయాక నా దగ్గరికొచ్చి, "వదినా, నేను నేర్చుకుంటే నవ్వుతారా?" అని అడిగింది. "నవ్వితే నవ్వుతారు, వాళ్ళ పళ్ళు వాళ్ళవి" అన్నాను నేను. అంతే, మొదలుపెట్టింది.

న్యాయం చెయ్యనన్నానుగానీ ఒకటి ఒప్పుకోవాలి: మాస్టారికి చదువు చెప్పడం వచ్చు. వ్యాకరణం పుస్తకం చూపించి ఆమెను బెదరగొట్టలేదు. "చదవడం కష్టమైతే చదువు రాదు. తెలిసిన కథను తెలియని భాషలో చదవాలి. కథ నీదైతే మాట దానంతట అదే అర్థమవుతుంది" అన్నారు. ఆయన పద్ధతి ఏమిటంటే, పేర్లమ్మ తనకు జరిగిన సంగతి ఏదైనా చెప్పాలి. ఆయన ఇంటికి వెళ్ళి దాన్ని చిన్న చిన్న వాక్యాల్లో, ఒక పేజీ లాటిన్‌లో రాసుకొస్తారు. ఆమె చదవాలి. పేజీకి కొత్త మాటలు నాలుగైదు మించవు. అంతకంటే ఎక్కువైతే నవ్వు రాదని, నవ్వు రాకపోతే మర్నాడు పుస్తకం తెరవబుద్ధి కాదని ఆయన సిద్ధాంతం.

మొదటి కథ మేకది. ఒక మేక కంచె దూరి వచ్చి, అధికారి ముచ్చటపడి పెంచుకుంటున్న మొక్కను మొదలంటా మేసి, కింద పాతిన పేరు బోర్డును మాత్రం వదిలేసిన కథ. అది నిజంగా జరిగిందే. ఆ కాగితం పట్టుకుని పేర్లమ్మ నా గదిలోకి పరిగెత్తుకొచ్చింది.

"వదినా, విను. కాప్రా ఇన్ హోర్తో ఎస్త్. మేక తోటలో ఉంది! నాకు అర్థమైంది. ఎవరూ చెప్పకుండా అర్థమైంది!"

విత్తనాల జల్లెడ పక్కన పెట్టి నేనూ విన్నాను. అధికారి అరుపు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. నడివయసు మనిషి ముఖంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు. ఆ తర్వాత తోటమాలి బూటులో కప్ప దూరిన కథ వచ్చింది. నా విగ్గు గాలికి ఎగిరి కలువల గుంటలో పడ్డ కథ కూడా వచ్చింది. నన్నడగకుండానే చెప్పిందిగానీ పోనీలెండి, విగ్గు నాది, నవ్వు అందరిదీ.

కాగితాలు పెరిగాయి. వాక్యాలు పొడుగయ్యాయి. అయితే కథ కావాలంటే సంగతి కావాలి. తోటలో జరిగేవి ఎన్నని ఉంటాయి? మేకలూ కప్పలూ అయిపోయాక పేర్లమ్మ ఇంటి సంగతుల్లోకి దిగింది. నాకు కొంచెం బెరుకనిపించి, "ఇంటి గుట్టు ఆయన చెవిన ఎందుకు వేస్తున్నావే?" అన్నాను.

"అది లాటిన్ వదినా. మా ఇంట్లో ఎవరికి వచ్చు? మా అక్క కూతురికి బడిలో ఇంకా మొదలే పెట్టలేదు. బీరువాలో పెట్టి తాళం వేసినట్టే."

ఆ బీరువా తాళంచెవి ఒకటి మాస్టారి జేబులో కూడా ఉందన్న సంగతి ఆమెకు తోచలేదు. నాకూ తోచలేదు.

పేర్లమ్మ పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన అక్క, అక్క కూతురు, ఈమె, ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు. అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మంచి చెయ్యి ఆవిడది, నా పనికోట్లన్నీ ఆవిడే సరిచేస్తుంది. ఆవిడకొక చాదస్తం ఉంది. ఇస్త్రీ చేయడం అయ్యాక ప్లగ్గు పీకి, తీగ చుట్టి, ఇస్త్రీ పెట్టె పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటుంది. అప్పుడప్పుడు అరచెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూస్తుంది. అది పూర్తిగా చల్లబడేదాకా ఆ గది వదలదు, ఇంట్లోవాళ్ళను గడప దాటనివ్వదు. బస్సు తప్పిపోతోందని కూతురు గింజుకున్నా అంతే. "మీ ఇంట్లో ఇస్త్రీ పెట్టెకి పడుకోబెట్టి జోల కూడా పాడతారా?" అని నేను ఏడిపించేదాన్ని. అక్క నవ్వేది. పేర్లమ్మ నవ్వేది కాదు. ఎందుకు నవ్వదో నాకు తర్వాత తెలిసింది.

వాళ్ళ నాన్న దర్జీ. సొంత దుకాణం. అక్క ఈడొచ్చిన పిల్ల, ఈమె ఇంకా పలక పట్టుకు తిరిగే పిల్ల. ఒక సాయంత్రం నాన్న భోజనానికి ఇంటికి వచ్చిన సమయంలో అక్క దుకాణంలోకి జొరబడింది. ఎవరో షావుకారు కూతురి కోసం నాన్న కుట్టిన నీలం పట్టు గౌను అక్కడ వేలాడుతోంది. అది ఒక్కసారి వేసుకుని అద్దంలో చూసుకోవాలని దాని ఆశ. వేసుకుంది, చూసుకుంది. గౌను నలిగిందని భయపడి ఇస్త్రీ పెట్టె వేడి పెట్టి ముడతలు తీసింది. ఇంతలో కుక్క మొరిగింది. ఎవరో వస్తున్నారనుకుని గౌను వంకీకి తగిలించి పారిపోయింది. ఇస్త్రీ పెట్టె సంగతి మరిచిపోయింది. తలుపు వెనక నిలబడి చెల్లెలు అంతా చూసింది. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతూ ఉండడం కూడా చూసింది. అక్క మళ్ళీ వస్తుందిలే అనుకుంది.

దుకాణం కాలిపోయింది. ఊళ్ళోవాళ్ళు బిందెలతో వచ్చేసరికి మిగిలింది గోడలు. కాలిన గుడ్డల మధ్య నాన్న నిలబడ్డాడు, ఒక కనుబొమ కాలిపోయి ఉంది. ఇద్దరు కూతుళ్ళనూ దగ్గరికి లాక్కుని, "కాలింది గుడ్డలే కదా, పిల్లలు కాదుగా" అన్నాడు. ఆ మాట ఆయన అన్నది వాళ్ళిద్దరితోనే. మూడోవాళ్ళు వినలేదు.

అమ్మ మాత్రం నాన్న సిగరెట్టే కొంప ముంచిందని తీర్మానించింది. ఆయన కాదనలేదు. సిగరెట్టు మానేశాడు, వేరేవాళ్ళ దుకాణంలో కూలికి కుట్టాడు. ఇంట్లో ఏ లోటు వచ్చినా అమ్మ ఆ సిగరెట్టును ఆయన ముఖాన కొట్టేది. పిల్లలిద్దరూ తలలు వంచుకుని వినేవాళ్ళు. ఆయన ఆ నింద నెత్తిన పెట్టుకునే పోయాడు. అక్క ఎవరికీ చెప్పలేదు. చెల్లెలు చూసిందని అక్కకు తెలియదు. చెల్లెలు ఆ సంగతి కడుపులో పెట్టుకుని, అక్క ఇస్త్రీ పెట్టె దగ్గర కూర్చున్న ప్రతిసారీ చూపు తిప్పుకుంటూ బతికింది.

దాన్ని తీసుకెళ్ళి పేర్లమ్మ మాస్టారికి చెప్పింది. తాళం వేసిన బీరువా కదా మరి.

ఆయన రాసుకొచ్చిన కాగితం చదివి ఆ రోజు షెడ్డులో ఒంటరిగా ఏడ్చింది. నేను వెళ్ళి ఏమైందని అడిగితే, "ఏం లేదు వదినా, బాగా అర్థమైంది" అంది. అన్ని కాగితాల్లోకీ అదే బాగుందట. ఒక్క మాట కూడా అడగకుండా చివరిదాకా చదివిందట. కడుపులో రాయిలా ఉన్నది ఎదురుగా కాగితం మీద పడేసరికి ఊపిరి తేలికైందట. ఆ మాట ఆమె నాకు చాలా కాలం తర్వాత చెప్పింది.

ఆపైన మాస్టారు షెడ్డు దగ్గర ఆగడం తగ్గింది. రాతపని ఉందన్నారు. ఏ రాతపనో మేం అడగలేదు.

నేను పనికోటు చేతులు కురచ చేయించుకుందామని వాళ్ళింటికి వెళ్ళిన రోజది. ఎండ వాలుతోంది. అక్క కిటికీ దగ్గర కూర్చుని సూదితో నా కోటు చెయ్యి కుట్లు విప్పుతోంది. పేర్లమ్మ మాకు టీ ఇచ్చింది. అక్క కూతురు బడి నుంచి వచ్చి సంచీ విసిరేసి, "పిన్నీ, మీ మాస్టారి పుస్తకం! మాకు ఈ ఏడాది నుంచి పాఠం!" అంటూ ఒక సన్నటి పుస్తకం ఊపింది. పిల్ల చదివేది మాస్టారు పనిచేసిన బడిలోనే.

పేర్లమ్మ ఉప్పొంగిపోయింది. చేతులు తుడుచుకుని పుస్తకం అందుకుంది. మొదటి పాఠం మేక. "వదినా, మన మేక అచ్చులో పడింది!" అని నాకు చూపించింది. రెండోది కప్ప. మూడోది నా విగ్గు. నేను కూడా నవ్వాను, కాదనను. తర్వాత ముందుమాట తిప్పి పైకి చదివింది: "ఇవి నా ఉదయపు నడకలో నాకు తట్టిన కథలు." తట్టాయట! ఆ మేక వచ్చి ఆయన్ను తట్టి లేపినట్టు.

"నీతి ఉందని ముందు చివరి పాఠమే అర్థంతో సహా చెప్పారు పిన్నీ ఇవాళ. ఇంట్లో పెద్దవాళ్ళకి చదివి అర్థం చెప్పి రమ్మన్నారు" అంది పిల్ల.

పేర్లమ్మ చివరి పాఠం తీసింది. ముఖంలో రంగు దిగిపోయింది.

"రేపు చదువుకుందాంలే. నీ కళ్ళు అలిసిపోయాయి" అంది.

"నా కళ్ళకేం? రేపే అప్పజెప్పాలి." పిల్ల పుస్తకం లాక్కుని కిటికీ గట్టు మీద కూర్చుంది. "అమ్మా, విను. ఒక పట్నంలో ఒక దర్జీ ఉన్నాడు. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దదానికి నీలం గౌను మీద ఆశ."

అక్క సూది ఆగలేదు. లోకంలో దర్జీలకు కొదవా, నీలం గౌనులకు కొదవా. పాఠంలో పట్నం పాతకాలందట, ఇస్త్రీ పెట్టె బదులు నూనె దీపం ఉంది. కుక్క మొరిగింది. పెద్దది పారిపోయింది. "లుకెర్నా ఆర్దెత్. అంటే దీపం వెలుగుతూనే ఉంది" అంది పిల్ల. పేర్లమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. నాకేమీ తెలియదు అప్పటికి, కానీ ఆమె ఖాళీ కప్పునే మళ్ళీ మళ్ళీ నోటికి ఎత్తుకుంటూ ఉంటే ఏదో జరుగుతోందని అర్థమైంది.

"దుకాణం కాలిపోయింది. తండ్రి కూతుళ్ళని దగ్గరికి తీసుకుని అన్నాడు..." పిల్ల వేలితో మాటలు వెతుక్కుంటూ ఆగింది. "కాలింది గుడ్డలు. పిల్లలు కాదు. భలే ఉంది కదమ్మా ఈ వాక్యం?"

అక్క సూది ఆగిపోయింది. తల ఎత్తలేదు.

"ఇంకా ఉంది. చిన్నది తలుపు వెనక నిలబడి అంతా చూసింది. తర్వాత చిన్నది తండ్రి దగ్గరికి వెళ్ళి, అక్కే చేసిందని చెప్పేసింది. అయిపోయింది. కింద ప్రశ్నలున్నాయి. దీపం ఎవరు మరిచిపోయారు? చెల్లెలు చెప్పడం మంచిదేనా? మీరైతే ఏం చేసేవారు? అమ్మా, నువ్వైతే ఏం చేసేదానివి?"

అక్క నా కోటు ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

"నేనైతే దీపం ఆర్పేసేదాన్ని" అంది.

పిల్ల అదే రాసుకుంది. అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది, పేర్లమ్మ వైపు ఒక్కసారి కూడా చూడకుండా.

మర్నాడు పేర్లమ్మ షెడ్డు తలుపు తెరవలేదు. గేటు దగ్గర నిలబడింది. మాస్టారు రాగానే ఎదురెళ్ళింది. నా కిటికీ కిందే బెంచీ మీద కూర్చున్నారు. వాళ్ళన్న ప్రతి మాటా నాకు వినబడింది. కిటికీ మూసుకుని ఉండాల్సిందని మర్యాదస్తులు అంటారేమో, అననివ్వండి.

"పేరు మార్చాను, ఊరు మార్చాను, కాలమే మార్చాను కదమ్మాయ్. ఇస్త్రీ పెట్టె తీసేసి దీపం పెట్టాను. ఎవరు పోల్చుకుంటారు?" అన్నారు మాస్టారు, అమాయకంగా.

"మా నాన్న మాట మార్చలేదు మాస్టారూ."

"అది మారిస్తే పాఠంలో ప్రాణం పోతుంది."

"నాకిచ్చిన కాగితంలో లేనిది, నేను నాన్నకి చెప్పినట్టు పుస్తకంలో రాశారు. నేను చెప్పలేదే. ఎవ్వరికీ చెప్పలేదే."

"కథకి ముగింపు ఉండాలి కదా. నిజం చెప్పాలని పిల్లలకి తెలియాలి."

"మీకు చెప్పాను." అంది పేర్లమ్మ. "నమ్మి మీ ఒక్కరికే చెప్పాను."

"చదువుకోవడానికి చెప్పావు. నీకొచ్చింది. ఇప్పుడు బడి మొత్తం చదువుకుంటోంది. సంతోషించాలి గానీ ఇలా ముఖం మాడ్చుకుంటారా?" అని సంచీలోంచి ఒక పుస్తకం తీసి ఆమె ఒళ్ళో పెట్టారు. మొదటి పేజీలో 'నా ప్రియ శిష్యురాలికి' అని లాటిన్‌లో రాసి సంతకం చేసి ఉంచారు. ఎంత ముందుగానే సిద్ధం చేసుకున్నారో! పేర్లమ్మ ఆ పుస్తకం బెంచీ మీద ఉంచి లేచి వచ్చేసింది. కాసేపటికి ఆయనే తీసుకుని, టోపీ సర్దుకుని నడక పూర్తి చేసుకుని వెళ్ళారు. నడక మాత్రం మానలేదు మహానుభావుడు.

నా గదిలోకి వచ్చి విత్తనాల బస్తా మీద కూలబడి అప్పుడు చెప్పింది నాకు, గౌను దగ్గర్నుంచి అన్నీ. నేను ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె తిట్టలేదు. "అక్క నాతో మాట్లాడటం లేదు వదినా. దాని గుట్టు ఊళ్ళో పెట్టానని కోపం. కాళ్ళ మీద పడతాను. నా మొహం చూస్తే చాలు" అంది. ఆమెకున్నది ఆ అక్క ఒక్కతే. పుస్తకం పోతే పోయింది, మాస్టారు పోతే పీడా పోయింది, అక్క పోతే ఈమెకు ఇల్లు లేదు.

ఆ సాయంత్రం ఆమె బతిమాలుకుందట. ఊళ్ళో ఎవరికీ తెలియదనీ, పిల్లకు కూడా తెలియదనీ, పాఠంలో ఉన్నట్టు తను నాన్నకు ఎన్నడూ చెప్పలేదనీ ఒట్టు వేసిందట. అక్క ఇస్త్రీ చేస్తూ అంతా విన్నది. నా కోటే అది.

"నాన్నకి చెప్పలేదని నాకు తెలుసు. చెప్పుంటే నాన్న నాతో అనేవాడు" అందట అక్క. "పుస్తకంలో ఎక్కితే ఎక్కనీ. ఎవరో చదువుకుంటారు, మరిచిపోతారు. నువ్వు చూశావు కదే. ఇన్నేళ్ళూ ఈ పెట్టె పక్కన కూర్చుంటే నన్ను పిచ్చిదాన్నని అందరూ నవ్వారు. నువ్వు అదే గదిలో ఉన్నావు. 'నేను చూశానక్కా' అని ఒక్క మాట అనుంటే నీ ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చేదాన్ని. అమ్మ నాన్నని తిట్టినప్పుడల్లా నేనొక్కదాన్నే చచ్చాను. పరాయివాడికి చెప్పావు. నాకు చెప్పలేదు."



వాళ్ళు విడిపోలేదు. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బల్ల మీద తింటారు, పిల్ల సంగతులు మాట్లాడుకుంటారు. బయటివాళ్ళకు ఏ తేడా కనిపించదు. మొన్న ఇంకో కోటు తెచ్చుకోవడానికి వెళితే నాకు కనిపించింది. అక్క ఇస్త్రీ ముగించి, ప్లగ్గు పీకి, కోటు మడిచి నా చేతిలో పెట్టింది. తీగ చుట్టలేదు, ముక్కాలిపీట కేసి చూడలేదు. వేడి వేడి ఇస్త్రీ పెట్టెను అలాగే వదిలేసి, చెప్పులు వేసుకుని, "పద, నేనూ బజారు దాకా వస్తాను" అని నాతో వీధిలోకి నడిచింది.

గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూశాను. పేర్లమ్మ ముక్కాలిపీట లాక్కుని పెట్టె పక్కన కూర్చుని, అరచెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూస్తోంది.